ఎర్రదిన్నె వేరుపడిన ఏడాది

పంచాయతీ ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ హిందూపురంలో మా ఇంటికి వచ్చి కూర్చుంటారు. నిబంధనలు అడుగుతారు. వాటి సంగతి నాకంటే పుస్తకమే బాగా చెబుతుంది. నేను చెప్పగలిగింది ఆ పుస్తకంలో లేని సంగతులు. ఎవరి మాట ఎంతవరకు వినాలి, ఎప్పుడు నోరు మూసుకోవాలి, కోపంగా ఉన్న ఊరికి ఏ పూట వెళ్ళాలి. ఇవన్నీ నాకు ఒక్క ఊరు నేర్పింది. ఆ ఊరి పేరూ, మనుషుల పేర్లూ మార్చి రాస్తున్నాను.

పంచాయతీ సమితులు కొత్తగా వచ్చిన రోజులవి. నాకు పెనుకొండలో విస్తరణాధికారి ఉద్యోగం. సమితి కింద ఉన్న పంచాయతీలన్నీ సైకిలు మీద తిరగడం, అవి సరిగా నడుస్తున్నాయో లేదో చూడడం నా పని. మాది ధర్మవరం. మా నాయన పట్టుచీరలు నేసేవాడు. మగ్గం మాదే, చేతులూ మావే, కానీ ఏ రంగు చీర నేయాలో, ఏ అంచు వేయాలో చెప్పేది పట్టు ఇచ్చే షావుకారు. నాయనకు మనసులో ఒక అంచు ఉండేది. అది నేయకుండానే పోయాడు. ఈ సంగతి ఇక్కడ ఎందుకు రాస్తున్నానంటే, కాలేజీలో నేను చదివిన అర్థశాస్త్రం ఒకటి చెబుతుంటే, మా ఇంట్లో చూసింది ఇంకొకటి చెబుతూ ఉండేది. చిన్నది సొంతంగా బతకలేదు, పెద్దదానితో కలిసి ఉంటేనే లాభం అని పుస్తకం. కలిసి ఉండడమంటే ఏమిటో నాయనను చూసినవాణ్ణి నేను.

వేరు కావాలన్న ఊరు

పెనుకొండ నుంచి ధర్మవరం పోయే దారికి లోపలగా కొండంపల్లి అనే పెద్ద ఊరు. దాని కింద ఎర్రదిన్నె అనే పల్లె. ఎర్రమట్టి మిట్ట మీద కొద్దిపాటి ఇళ్ళు, వాన పడితే వేరుశనగ, పడకపోతే గొర్రెలు. మిట్ట కింద వాగు పొడవునా చింతతోపు. ఆ తోపు పంచాయతీ ఆస్తి కాబట్టి ఏటా కొండంపల్లిలో వేలం వేసేవారు. గుత్తదారుడు వచ్చి చెట్లు దులిపి కాయ తీసుకుపోయేవాడు. డబ్బు కొండంపల్లి పంచాయతీకి జమ అయ్యేది. ఎర్రదిన్నె బావికి గట్టు కూలిపోయి చాలాకాలమైనా బాగు చేసినవాళ్ళు లేరు. తమ పల్లెను వేరే పంచాయతీ చేయమని ఎర్రదిన్నెవాళ్ళు అర్జీ పెట్టుకున్నారు.

మా బి.డి.ఓ. గారు రెవెన్యూలో పండిపోయి వచ్చిన మనిషి. చెయ్యి చాలా శుభ్రం, నోరు మాత్రం కరుకు. అర్జీ నా ముందు పడేసి, "ఇట్లా చీల్చుకుంటూ పోతే రేపు ఇంటికొక ప్రెసిడెంటు అవుతాడు. పోయి చూసి, ఆ పల్లె సొంతంగా బతకలేదని రాసుకుని రా" అన్నారు.

చూడకముందే ఏం రాయాలో చెప్పే పై అధికారులు మీకూ తగులుతారు. అలాంటి మాట విన్నప్పుడు వాదించకండి. వెళ్ళి చూడండి.

నేను వెళ్ళేసరికి ఎర్రదిన్నె జనం బడి పాక ముందు కూర్చుని ఉన్నారు. వాళ్ళ తరఫున మాట్లాడిన మనిషి నారాయణప్ప. అందరూ మిలిటరీ నారాయణప్ప అనేవారు. పెద్ద యుద్ధంలో ఎడారిలో శత్రువుకు చిక్కి, ఇటలీలో ఖైదు ఉండి, అక్కడి కాపలావాళ్ళు ఒకరోజు చెల్లాచెదురైతే కొండలెక్కి స్విట్జర్లాండులోకి నడిచిపోయాడు. ఒక చలికాలమంతా అక్కడ ఒక రైతు ఇంట్లో పశువులు చూసుకుంటూ బతికాడు.

నేను సూటిగానే అడిగాను. "వేరుపడితే ఏం పెట్టుకుని బతుకుతారు?"

"తోపు ఉండాది గదా సార్" అన్నాడు నారాయణప్ప.

"ఒక్క తోపుతో పంచాయతీ నడుస్తుందా?"

"దినామూ పేపర్లో చూస్తాండాము. ఆఫ్రికాలో మన జిల్లా అంత లేని దేశాలు గూడా స్వతంత్రం తెచ్చుకుంటాండాయి. అవి ఏం పెట్టుకుని బతుకుతాయని ఎవరన్నా అడుగుతాండారా?"

వెనక నుంచి ఒక ముసలాయన, "అవి దేశాలబ్బా. మనది యాడ, అవి యాడ?" అన్నాడు. అందరూ నవ్వారు.

అడగడమైతే అడుగుతున్నారని నేను అన్నాను. ఇంత చిన్న దేశాలు నిలబడతాయా అని పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు అడుగుతూనే ఉన్నారని చెప్పాను. నారాయణప్ప తను చూసిన దేశం గురించి చెప్పాడు. "చుట్టూ అన్నీ పెద్ద దేశాలే సార్. వాళ్ళకు సముద్రం లేదు, మంచి భూమి లేదు, ఏడాదిలో సగం మంచు. పాలను జున్ను కంటే గట్టిగా చేస్తారు, బండ మాదిరి. నెలలైనా చెడదు. దాన్ని ఆ పెద్ద దేశాలోళ్ళకే అమ్ముతారు. పచ్చిపాలు ఎవురూ కొండ దింపరు."

అప్పటిదాకా గోడవార కూర్చుని వింటున్న ఒకావిడ అందుకుంది. నారాయణప్ప వదిన, పేరు లక్ష్మక్క. భర్త పోయాక సేద్యం తనే చేసుకుంటోంది. "మా మామ రామగిరి గనిలో పని చేసినోడు. బంగారం తీసినారు, మూట కట్టుకుని పోయినారు. ఆడ ఇప్పుడేముండాది? గుంతలుండాయి. తోపు గూడా అంతే సార్. కాయ మాది, పోయేది ఇంగోచోటికి" అంది.

అవతలి పక్షం

మీకు ఒక ఊరి బాధ నచ్చినప్పుడు వెంటనే రెండో ఊరికి వెళ్ళండి. ఇది నేను అనుకుని చేసింది కాదు, కొండంపల్లి దారిలోనే ఉంది కాబట్టి ఆగాను. ఆగడం మంచిదైంది.

అక్కడి ప్రెసిడెంటు చిన్నపరెడ్డి. పెద్ద భూస్వామి. ఎర్రదిన్నెవాళ్ళ మాటలు విని నేను ఊహించుకున్న మనిషి కాదాయన. అరుగు మీద చాప వేయించి, మజ్జిగ ఇప్పించాడు. తరువాత అన్నాడు, "బడికి జాగా నేనే ఇస్తి. కలరా వచ్చినపుడు నా బండి మీదనే ఆస్పత్రికి ఎత్తకపోతిమి. ఇపుడు నేను పరాయోడినైతి."

"బావి గట్టు సంగతి?"

"కట్టాల్సింది. నిజమే. కట్టల్యా." దాచుకోకుండా చెప్పాడు. "తోపు వాళ్ళకు పోతే ఈడ వీధి దీపాలు ఎట్ల వెలిగించేది సార్? అది ఎవురన్నా ఆలోచించినారా? పోనీలే, పోనీ. ఏడాది తిరగకుండా మళ్ళా వస్తారు. వస్తే నేను కాదనను."

ఆ మాటలో కోపం కంటే నొప్పి ఎక్కువ ఉంది. చిన్నవాడు వేరుపడతానంటే పెద్దవాడు లెక్కలు చెబుతాడు గానీ, తగిలేది లెక్క దగ్గర కాదు. నాకు ఈ సంగతి తరువాత చాలా ఊళ్ళలో పనికివచ్చింది.

నేను రాసిన నివేదిక బి.డి.ఓ. గారు కోరింది కాదు. తోపు ఇస్తే, పెద్ద రోడ్డుకు పోయే బండ్ల దోవ తెరిచి ఉంటే ఎర్రదిన్నె బతుకుతుందని రాశాను. ఆయన చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఏమని రాసుకుని రమ్మంటే ఏం రాసినావయ్యా?"

"చూసింది రాశాను సార్."

అరిచారు. గుమాస్తాలందరూ తలలు వంచుకున్నారు. అరవడం అయిపోయాక నా నివేదికలో ఒక్క అక్షరం మార్చకుండా, కింద తన అభిప్రాయం వేరుగా రాసి పైకి పంపారు. "నాకు నమ్మకం లేదు. కానీ చూసినవాడివి నువ్వు, నేను కాదు" అన్నారు. తరువాత ఎంతమంది దగ్గర పనిచేసినా, నవ్వుతూ మాట్లాడి నివేదికలు దిద్దించినవాళ్ళే ఎక్కువ. ఆయన విలువ అప్పుడు తెలిసింది.

దోవ మూసుకుంది

తోపుతో సహా ఎర్రదిన్నెను వేరే పంచాయతీ చేస్తూ ఉత్తర్వు వచ్చింది. నారాయణప్ప పోటీ లేకుండా ప్రెసిడెంటు అయ్యాడు. మొదటి సమావేశంలోనే తోపు వేలం వేయకూడదని తీర్మానించారు. కాయ తామే దులిపి, పెంకు తీసి, గింజ కొట్టి, శుభ్రమైన పండు తీసుకుపోయి హిందూపురం మండీలో అమ్మాలని. ఆలోచన లక్ష్మక్కది. ఇంటింటి ఆడవాళ్ళూ కూలికి ఒప్పుకున్నారు. మిగిలింది పంచాయతీకి.

అంతా బాగానే ఉండేది. కానీ నారాయణప్పకు ప్రెసిడెంటుగిరీ కొంచెం తలకెక్కింది. కొండంపల్లి గొర్రెలు ఎప్పటినుంచో ఎర్రదిన్నె మిట్ట మీద మేసేవి. ఇప్పుడు మిట్ట మాది కదా అని నారాయణప్ప మంద ఆపించి, మేతకు పుల్లరి కట్టమన్నాడు. కట్టకపోతే గొర్రెలను బందెలదొడ్లో పెడతానన్నాడు. మరునాడే చిన్నపరెడ్డి తన పొలంలోంచి పెద్ద రోడ్డుకు పోయే బండ్ల దోవకు ముళ్ళకంప అడ్డం వేయించాడు. ఆ దోవ ఆయన పట్టా భూమిలో ఉంది. అందరూ ఎప్పటినుంచో నడుస్తున్నారు కాబట్టి అది ఒకరి సొంతమని ఎవరికీ గుర్తు లేదు.

అప్పటికి చింతపండు తయారై బడి పాకలో గోనెల్లో ఉంది. మొదటి బండ్లు కంప దాకా పోయి తిరిగివచ్చాయి. ఎండలు ముదురుతున్నాయి. ఒక్క పెద్ద వాన పడితే ఆ పాక కప్పు ఆగదు, పండు నల్లబడిపోతుంది. సంగతి పెనుకొండకు చేరింది. బి.డి.ఓ. గారు నన్ను పిలిచి, "చెప్పినానా?" అని మాత్రం అన్నారు. ఆపైన, "కొండంపల్లితో మళ్ళీ కలిసిపొమ్మని చెప్పి రా, మర్యాదగా చెప్పు" అన్నారు.

నేను వెళ్ళేసరికి ఎర్రదిన్నెలో మాట తెగడం లేదు. పొద్దున్నే పోయి కంప పీకేద్దామని కొందరు. కోర్టుకు పోదామని నారాయణప్ప. పండు గుత్తదారుడికే అయినకాడికి ఇచ్చేద్దామని ఇంకొందరు. ఎవరూ నా వైపు చూడలేదు. నాకు చెప్పాల్సిన మాట గొంతులోనే ఉంది. మళ్ళీ కలవండి అని.

అంతలో లక్ష్మక్క పాకలోంచి వచ్చింది. చేతులకు చింతపండు జిగురు అట్లానే ఉంది.

"ఏమబ్బా నారాయణా, కోర్టుకు పోతే ఎన్ని దినాలకు తేలుతుంది?"

"తేలినపుడు తేలుతుంది వదినా. న్యాయం మనది."

"న్యాయం మనదే. పండు గూడా మనదే. వాన ఎవురిది?"

నారాయణప్ప తలెత్తి ఆకాశం వైపు చూశాడు.

"ఆ చలిదేశంలో జున్ను బండలు పెద్ద దేశాలోళ్ళకు అమ్ముతారని నువ్వే గదా కతలు చెప్పేది. వాళ్ళ గొర్లను ఆపి, వాళ్ళ దోవన పోయి అమ్మినారా ఆడ?" ఆమె గొంతు పెంచలేదు. "వేరుపడింది కూటికోసరం. కొట్లాడేకి అయితే ఆ ఊర్లోనే ఉండి కొట్లాడతా ఉంటిమి. లెయ్, పోదాం."

"యాడికి?"

"రెడ్డి తావుకు. సారూ, మీరు గూడా రండి. ఉత్త సాక్షిగా కూర్చోండి, ఏం మాట్లాడొద్దండి."

పై అధికారి చెప్పి పంపిన మాట నేను ఆ రోజు చెప్పలేదు. చెప్పే అవకాశమూ రాలేదు, నిజం చెప్పాలంటే.

చిన్నపరెడ్డి అరుగు మీద

ముగ్గురం కొండంపల్లికి నడిచి వెళ్ళాం. చిన్నపరెడ్డి అరుగు మీదే ఉన్నాడు. కూర్చోమన్నాడు. నారాయణప్ప కూర్చోలేదు. లక్ష్మక్క కింద మెట్టు మీద కూర్చుంది.

"రెడ్డన్నా, గొర్లను తోలుకో. మిట్ట మీద గడ్డి మాకేం ఎక్కువ కాలేదు. పుల్లరి వద్దు" అంది ఆమె.

"పుల్లరి అడిగిందెవురు? నువ్వా?"

ఆమె మరిది వైపు చూడలేదు. నేనూ చూడలేదు. నారాయణప్ప తుండుగుడ్డ భుజం మీంచి తీసి చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. యుద్ధంలో ఎన్నో చూసిన మనిషి. ఆ రెండు మాటలు అనడానికి ఎంత కష్టపడ్డాడో నాకు కళ్ళకు కట్టినట్టు గుర్తుంది.

"అడిగింది నేనే అన్నా. తప్పయింది. దోవ ఇడిపించు."

చిన్నపరెడ్డి వీధి వైపు తల తిప్పుకున్నాడు. "ఈ మాట అడిగేకి ఇన్నాళ్ళు పట్టెనా అప్పా నీకు? అర్జీ పెట్టుకునే ముందర గూడా నన్నొక మాట అడగల్యా. పేపర్లో పడినాక తెలిసినట్ల, సార్ వచ్చినాక తెలిసె నాకు."

అదీ ఆయన నొప్పి. తోపు కాదు, దీపాల డబ్బు కాదు.

లక్ష్మక్క అప్పుడు తన రెండో మాట చెప్పింది. కొండంపల్లి రైతుల పొలాల గట్ల మీద కూడా చింతచెట్లు ఉన్నాయి. వాళ్ళు కాయ కాయగానే అమ్ముకుంటున్నారు. ఆ కాయ ఎర్రదిన్నెకు తోలితే ఆడవాళ్ళు గింజ కొట్టి శుభ్రం చేసి ఇస్తారు, కూలి ఇస్తే చాలు. అందరి పండూ కలిపి ఒకేసారి హిందూపురం పోతే మండీలో మాట చెల్లుతుంది. ఎర్రదిన్నెకు బండ్లు తక్కువ, కొండంపల్లికి ఎక్కువ. బాడుగ ఇస్తాం.

"నా బండ్లకు నువ్వు బాడుగ ఇస్తావా?" చిన్నపరెడ్డి ఆరోజు మొదటిసారి నవ్వాడు.

"ఇస్తా. మాదిపుడు వేరే పంచాయతీ గదా" అంది లక్ష్మక్క, నవ్వకుండా.

ఆ సాయంత్రమే మనుషులు వచ్చి కంప తీశారు. నేను పెనుకొండ వెళ్ళి జరిగింది చెప్పాను. వారం తిరగకముందే బి.డి.ఓ. గారు తనే జీపు కట్టించుకుని ఎర్రదిన్నె వెళ్ళి, పాకలో గోనెలన్నీ చూసి, ఒక గోనెలోంచి కొంచెం చింతపండు తీసి నోట్లో వేసుకుని మొహం చిట్లించారు. "పులుపు బాగుంది" అన్నారు. ఆయన నోటి నుంచి అంతకంటే పెద్ద మెప్పు నేనెప్పుడూ వినలేదు.

హిందూపురం మండీకి నేనూ వెళ్ళాను. పని ఉండి కాదు, ఉండబట్టలేక. మండీ ఆయన పండును చేత్తో పిసికి చూసి, "ఇది యా ఊరిదప్పా?" అని అడిగాడు. నారాయణప్ప ఎర్రదిన్నె అన్నాడు. ఆ పేరు మండీ ఆయన వినలేదు. రెండోసారి చెప్పించుకున్నాడు. ఎన్నో ఏళ్ళుగా ఆ తోపు కాయ ఆ మండీకే వస్తోంది, గుత్తదారుడి పేరు మీద. ధర మంచిది పలికింది. ఆ వేసవిలోనే బావికి గట్టు కట్టారు.

అన్నీ ఇట్లా కావు

ఇది చదివి, వేరుపడిన ఊళ్ళన్నీ బాగుపడతాయని అనుకోకండి. ముదిగుబ్బ వైపు ఇంకొక పల్లె ఉండేది. అదీ వేరే పంచాయతీ కావాలంది, అయింది. అక్కడ తోపు లేకపోవడం అసలు సంగతి కాదు, గొర్రెలైనా ఉన్నాయి, కష్టపడే మనుషులున్నారు. కానీ వాళ్ళు వేరుపడింది పక్క ఊరి పెద్దమనిషి మీద పంతంతో. పంతం తీరాక ఏం చేయాలో ఎవరూ అనుకోలేదు. రెండో ఎన్నికలకు ప్రెసిడెంటుగా నిలబడేవాళ్ళే లేరు. మళ్ళీ కలుపుకోమని వాళ్ళే అడిగారు. కలిపాం. అందులో సిగ్గు పడాల్సిందేమీ లేదని నేను వాళ్ళకు చెప్పాను, ఇప్పుడూ అదే చెబుతాను.

దేశాల సంగతి నాకు అంతగా తెలియదు. చిన్న దేశం స్వతంత్రమైతే బాగుపడుతుందా అని ఇప్పటికీ ఎవరైనా అడిగితే నాకు ఎర్రదిన్నే కనిపిస్తుంది. వేరుపడినందువల్ల ఆ తోపులో ఒక్క చెట్టు ఎక్కువ కాలేదు, వాన ఒక్క చుక్క ఎక్కువ పడలేదు. తోపును ఏం చేయాలో వాళ్ళే అనుకోగలిగారు, అంతే మారింది. అనుకున్నది జరగడానికి మళ్ళీ కొండంపల్లి కావలసివచ్చింది, కానీ ఈసారి బేరం ఆడి. చిన్నవాళ్ళు బతకగలరనే నేను నమ్ముతాను. నమ్మి ముప్పై ఏళ్ళకు పైగా ఉద్యోగం చేశాను.

నాకు ధర్మవరం బదిలీ అయినప్పుడు చివరిసారి ఎర్రదిన్నె సమావేశానికి వెళ్ళాను. మధ్యాహ్నం ఎండ. ఆ ఏటి పండు డబ్బులో కొంత మిగిలింది, దాన్ని ఏం చేయాలన్నది మాట. బడి పాకకు పెంకులు కప్పాలని నారాయణప్ప. కాదు, పెంకుల పని ఇంకో ఏడాది ఆగినా పరవాలేదు, మంచి జాతి పొట్టేలు తేవాలని ఇంకొకడు. ఆడవాళ్ళకు కూర్చుని గింజ కొట్టేకి నీడ కావాలని, వెన్ను ఎండకు కాలిపోతాందని లక్ష్మక్క. ఒకరి మాట ఒకరు తెంచుకుంటూ, కోప్పడుతూ, నవ్వుకుంటూ పొద్దు వాలేదాకా వాదించుకున్నారు.

నేను చెప్పడానికి ఒక మంచి సలహా సిద్ధం చేసుకుని వెళ్ళాను. బల్ల చివర కూర్చుని, ఎవరైనా నా వైపు తిరుగుతారేమోనని చూశాను. అంతకుముందైతే ప్రతి మాటకూ, "మీరేమంటారు సార్?" అనేవాళ్ళు. ఆ పూట ఒక్కరూ అడగలేదు. నేనక్కడ ఉన్నానన్న సంగతే మరిచిపోయారు.

లేచి, చప్పుడు కాకుండా సైకిలు తీసుకుని మిట్ట దిగాను. కింద రోడ్డెక్కేదాకా వాళ్ళ గొంతులు వినిపిస్తూనే ఉన్నాయి.